ఇంటిపేరు వెంట – గ్రంథాలయమునందును దస్తరములయందును ఒక అన్వేషణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక పల్లెటూరి గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు మూతపడక నడచుట సామాన్య విషయము కాదు. దానిని గూర్చి నాకు ముందు మాటలాడిన పెద్దలు చక్కగా చెప్పిరి. నేను కవిని గాను, పండితుడను గాను. పగలు లెక్కలు వ్రాసికొని సాయంకాలము ఈ బల్లవద్ద కూర్చుండి, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని ప్రబంధములు చదువుకొన్నవాడను. కావున నాకు తెలిసిన రెండు పనులు, అనగా లెక్క చూచుటయు పుస్తకము చూచుటయు, కలసివచ్చు విషయమునొకదానిని ఎన్నుకొంటిని. అది ఇంటిపేరు.

మన గ్రంథాలయమునకు వచ్చువారు తరచుగా ఒక ప్రశ్న వేయుచుందురు. ఎదుటి గోడపై జాతీయ పతాకమునకు రూపకల్పన చేసిన పింగళి వెంకయ్యగారి పటమున్నది. బీరువా పై అరలో పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమున్నది. దాని క్రింద పింగళి లక్ష్మీకాంతముగారి ఆంధ్ర సాహిత్య చరిత్ర ఉన్నది. ఇక పాతాళభైరవి, మాయాబజారు చిత్రములకు మాటలును పాటలును వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారిని ఎరుగని ఇల్లు తెలుగునాట లేదు. "వీరందరు ఒక్క ఇంటివారేనా?" అని ప్రశ్న. సందేహమేమి, సూరన సంతతియే అని వెంటనే జవాబు చెప్పువారు గలరు. వంశవృక్షము గీసి చూపువారును గలరు. నేను మాత్రము లెక్కలవాడను గనుక, పద్దులు ఎచ్చట ఉన్నవి అని అడిగెదను. చిట్టాలో పద్దు లేక ఆవర్జాకు ఎక్కిన మొత్తము చెల్లదు గదా!

మొదట సూరన మాట. మన ప్రాచీన కవులు చేసిన మహోపకారము ఒకటి కలదు. కావ్యము మొదట అవతారిక వ్రాసి, అందు తమ వంశమును, కృతిపతి వంశమును చెప్పిపోయిరి. చదువరులు సాధారణముగా ఆ పుటలు దాటవేసి కథలోనికి పోవుదురు. ఇంటిపేరు వెదకువానికి ఆ పుటలే కథ. పదునారవ శతాబ్దివాడగు సూరన తండ్రి అమరనార్యుడు, తల్లి అబ్బమాంబ. కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణమరాజునకును, రాఘవపాండవీయమును ఆకువీటి పెదవేంకటాద్రికిని అంకితమిచ్చెను. ప్రభావతీ ప్రద్యుమ్నమును తన తండ్రికే అంకితము చేసెను. తాను రచించితినని చెప్పుకొన్న గరుడపురాణము మనకు దక్కలేదు. అతని పూర్వులలో గోకనామాత్యుడొకడు పేకి యను బ్రహ్మరాక్షసిని ఇంటిదాసిగా ఏలినాడట! దీనిని నమ్మవలెనా అని కుర్రవాండ్రు నవ్వుదురు. నమ్మనక్కరలేదు. కాని అట్టి కథ పుట్టుటకు ఆ ఇల్లు అప్పటికే పేరుమోసిన ఇల్లయి యుండవలెను. రాక్షసి కల్ల కావచ్చును గాని ప్రతిష్ఠ కల్ల కాదు.

ఈ అవతారికలో గట్టి పద్దులు కలవు. తండ్రి పేరు, తల్లి పేరు, ఆశ్రయమిచ్చిన ప్రభువుల పేర్లు, వారి ఊళ్ళు. అయినను ఊరి పేరు చూచి తొందరపడరాదు. ఆకువీడు అనగానే మన కోస్తావారికి పశ్చిమగోదావరి ఆకివీడు స్ఫురించును. గిద్దలూరు ప్రాంతమున అకవీడు అను గ్రామమొకటి కలదు. నంద్యాల ప్రభువుల నాశ్రయించిన కవికి ఏది చేరువ? ఒక అక్షరము పొరపాటున కవిని కొండలకు ఆవలినుండి సముద్రమువైపునకు తరలించిన వారమగుదుము.

సూరనకును వెంకయ్యగారికిని నడుమ సుమారు మూడువందల యేండ్లు. తరమునకు ముప్పదియేండ్లు వేసికొన్నను పది తరములు. ఈ పది తరములలో ప్రతి తరమునకు తండ్రి పేరు, కొడుకు పేరు, ఊరు, సంవత్సరము చూపగల కాగితముండవలెను. ఇచ్చట అవతారికలు పనికిరావు. అందరు కవులు కారు గదా. ఇచ్చటనే దస్తరములయొక్క అవసరము.

కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) అను సర్వేయరు దక్షిణదేశమంతట తన మనుష్యులను పంపి గ్రామ చరిత్రలు వ్రాయించి తెప్పించెను. అవియే కైఫియత్తులు. ఊరు ఎట్లు కట్టబడినది, ఏ రాజు ఏ దేవునికి భూమి ఇచ్చినాడు, కరణపు మిరాసీ ఏ ఇంటిపేరువారిది, ఎవరి తరువాత ఎవరు అనుభవించిరి అను వివరములు అందు కలవు. వానిని చెప్పినవారు, వ్రాసినవారు పెక్కుచోట్ల గ్రామ కరణములే. తరువాత సి. పి. బ్రౌను దొర శిథిలమగుచున్న ప్రతులకు మారు ప్రతులు వ్రాయించెను. నేడు ఆ సంపద మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకశాలలో ఉన్నది. కడప జిల్లా కైఫియత్తులను ఆ పట్టణమునందలి బ్రౌను భాషా పరిశోధన కేంద్రమువారు అచ్చువేసిరి. మెకంజీకి కుడిభుజముగా నిలిచినవారు ఏలూరు సీమకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఇచ్చటను ఇంటిపేరు చిక్కే! కావలి యనగా గ్రామరక్షణ వృత్తియా, లేక నెల్లూరు మండలమునందలి కావలి పట్టణమా? మాటనుబట్టి రెండును కుదురును. ఊహ ఎంత సొగసైనను ఊహయే.

కైఫియత్తులు చదువగోరువారికి ఒక మాట. వానియందు ప్రభవాది సంవత్సరముల పేర్లు మాత్రమే వ్రాసి విడిచిన చోట్లు కలవు. ఆనంద సంవత్సరము అరువదియేండ్లకొకమారు వచ్చును. ప్రక్కన శకవర్షము ఉన్నదా అని చూడుడు. ఉన్నచో డెబ్బది యెనిమిది కలుపుడు. ఫసలీ ఉన్నచో అయిదువందల తొంబది కలుపుడు. ఈ కూడిక చేయక తాతను మనుమనిగా, మనుమని తాతగా తలక్రిందులు చేసినవారిని చూచితిని. పైగా మన యిండ్లలో తాతపేరు మనుమనికి పెట్టుట ఆచారము. వెంకయ్య కొడుకు సుబ్బయ్య, సుబ్బయ్య కొడుకు వెంకయ్య, మరల సుబ్బయ్య. కాగితమునందు సంవత్సరము లేనిచో నలుగురు వెంకయ్యలు ఒక వెంకయ్యగా కూర్చుందురు. లేదా ఒక్క వెంకయ్యయే ఇరువురై లేని తరమొకటి పుట్టుకొనివచ్చును.

కైఫియత్తుల తరువాత మనకు చిక్కెడు గట్టి దస్తరము ఇనాం రిజిస్టరు. 1858లో మద్రాసు ప్రభుత్వము ఇనాం కమిషనును ఏర్పరచినది. ఆ కమిషనువారు ప్రతి ఇనాం భూమిని విచారించి, ఎవరు ఇచ్చిరి, ఎప్పుడు ఇచ్చిరి, మొదట పుచ్చుకొన్నవాడు ఎవడు, ఇప్పుడు అనుభవించువాడు ఎవడు, అతని వయస్సెంత, నివాసమెచ్చట, మొదటివానికి ఇతడేమగును అని వ్రాసి టైటిల్ డీడు నంబరు ఇచ్చిరి. మన రైతులు టి.డి. నంబరని పిలుచునది ఇదియే. భూమి కొరకు వ్రాసినదే యైనను, దీనికంటె మంచి వంశావళి పుస్తకమును నేను చూడలేదు. అందు పొగడ్త లేదు. పన్ను వేయుటకు వచ్చినవాడు ఎవనిని పొగడును?

ఇది వట్టి వేడుక పని యని ఎవరైనను అనుకొందురేమో. నాలుగైదేండ్లక్రిందట మన గ్రామముననే ఒక సంబంధము కుదిరి విడిపోయినది. పేర్లు చెప్పను. ఉభయులును యోగ్యులు, పిల్లలు ఇష్టపడినవారు. ఇంటిపేరొక్కటే యైనందున వరుస కుదరదని, అన్నాచెల్లెండ్ర వరుసయగునని ఒక పెద్దమనిషి అడ్డుపడెను. ఆ రెండిండ్లవారును ఒకరి మైల ఒకరు పట్టినది ఏనాడును లేదు. దాయభాగమునందు ఒకరి పేరు ఒకరి కాగితములో లేదు. అయినను మాట నిలిచిపోయినది. నన్నడిగిన పిమ్మట జిల్లా కేంద్రమునకు పోయి రిజిస్టరు నకళ్ళు తీయించితిని. ఒక ఇంటివారి మూలపురుషుడు తూర్పునుండియు, రెండవ ఇంటివారి మూలపురుషుడు పడమటినుండియు వచ్చి, ఒకరికొకరు ఏమియు కాకయే, మన ఊర మాన్యములు పొందిరి. వారి ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ పేరుగల ఊళ్ళు రెండు కలవు. నకళ్ళు నా చేతికందునాటికి పిల్లవానికి వేరొకచోట నిశ్చయతాంబూలములు జరిగిపోయినవి.

చట్టము మాట యడిగినచో ఇంటిపేరునకు అందు తావే లేదు. సగోత్రమను అభ్యంతరమును 1946 నాటి చట్టమే తొలగించినది. 1955 నాటి హిందూ వివాహ చట్టము తండ్రివైపు అయిదు తరములు, తల్లివైపు మూడు తరములు సపిండత చూడుమన్నది. ఆచారమును పాటించువారు పాటించుకొనవచ్చును, నేను కాదనను. కాని పాటించుటకైనను ఎవరు ఎవరికి ఏమగుదురో తెలియవలెను గదా.

పింగళివారియొద్దకు మరల వత్తును. గ్రంథాలయముల పట్టికలలో ఇంటిపేరు పట్టి వెదకునప్పుడు గల కష్టము ఈ పేరుతో చక్కగా తెలియును. తెలుగున పింగళి, పింగలి, పింగిళి అని మూడు విధముల కనబడును. ఇంగ్లీషు పట్టికలలో కొందరిని పింగళి అనియు, కొందరిని పింగ్లే అనియు ఎక్కించిరి. 1947–48లో నిజాము రాజ్యమునకు ఉపప్రధానిగానుండిన పింగళి వెంకటరామారెడ్డిగారు పింగ్లే అక్షరములక్రిందనే దొరకుదురు. హనుమకొండలో ఆ పేరుతో మహిళా కళాశాల కలదు. అదే అక్షరములక్రింద శివాజీ పేష్వాయగు మోరోపంత్ పింగళేయు, గదర్ విప్లవకారుడై 1915లో లాహోరున ఉరికంబమెక్కిన విష్ణు గణేశ పింగళేయు ఉందురు. వీరిరువురు మహారాష్ట్రులు. మరాఠ్వాడాలో పరభణి దగ్గర పింగ్లీ అను రైలుస్టేషనే యున్నది. పట్టికలో వరుసగా నిలిచినంతమాత్రమున వీరు సోదరులగుదురా? పంక్తిలో ప్రక్కప్రక్కన కూర్చున్న విస్తళ్ళవంటివారు.

ఇంకొక విచిత్రము. సర్వేశ్వర మాహాత్మ్యము, తోభ్యచరిత్రము అను పేర్లుగల క్రైస్తవ కావ్యమొకటి తెలుగున కలదు. దాని కర్త పింగళి ఎల్లనార్యుడు. ఇంటిపేరునుబట్టి కులమును, మతమును, అభిరుచిని చెప్పగలమను ధీమాగలవారు ఈ పుస్తకమును ఒకమారు తిరుగవేయుట మంచిది.

ఇక ఇరువదియవ శతాబ్ది పింగళివారు. వెంకయ్యగారు కృష్ణాజిల్లా భట్లపెనుమర్రున జన్మించిరి. జన్మసంవత్సరమును కొందరు 1876 అనియు, కొందరు 1878 అనియు అచ్చువేసిరి. 2022లో ప్రభుత్వము 146వ జయంతి జరిపినది గనుక 1876నే గ్రహించినట్లు. దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధమునకు పోయివచ్చి, 1916లో జాతీయ పతాకమును గూర్చి పుస్తకము ప్రకటించి, 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశమున గాంధీగారికి పతాకము సమర్పించిరి. 1963లో గతించిరి. ఇంత దగ్గరి కాలపు మహాపురుషునకే రెండు జన్మసంవత్సరములుండగా, మూడువందల యేండ్లనాటి తాతముత్తాతల కథ కంఠస్థముగా చెప్పువారిని ఎంతవరకు నమ్మవలెనో మీరే యోచింపుడు.

వెంకయ్యగారి జీవితమునందే ఇంటిపేరు పుట్టు రహస్యము బయటపడుచున్నది. జపాను భాషలో ప్రసంగించుటచే జపాన్ వెంకయ్య. కంబోడియా పత్తిపై పరిశోధించుటచే పత్తి వెంకయ్య. వజ్రపు గనుల విద్య తెలియుటచే వజ్రాల వెంకయ్య. పతాకముచే జెండా వెంకయ్య. ఒక్క మనుష్యునకు ఒక్క జీవితకాలమున ఊరివారు నాలుగు పేర్లు తగిలించిరి! పట్టాకాగితములును, పాఠశాల రిజిస్టరులును లేని పాతకాలమున ఆయన పుట్టియున్నచో, ఆ మనుమలు ఒకచోట పత్తివారు, వేరొకచోట జెండావారు అయి, నాలుగవ తరమున ఒకరినొకరు ఎరుగకుండెడివారు. అనగా ఒక ఇంటిపేరువారు ఒక ఇంటివారు కానక్కరలేనట్లే, వేరు ఇంటిపేరులవారు ఒక ఇంటివారు కావచ్చును. ఈ రెండవ సంగతిని మనము బొత్తిగా మరచుచున్నాము.

లక్ష్మీకాంతముగారు (1894–1972) కాటూరి వేంకటేశ్వరరావుగారితో కలసి సౌందరనందము రచించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు బోధించిన ఆచార్యులు. నాగేంద్రరావుగారు (1901–1971) పుట్టినది శ్రీకాకుళముసీమ రాజాములో. పెరిగినది, ఆంధ్ర జాతీయ కళాశాలలో చదివినది బందరున. వెంకయ్యగారు ఆ కళాశాలలోనే బోధకులు. లక్ష్మీకాంతముగారి చదువును బందరుననే సాగినది. ముగ్గురు పింగళివారు ఒక్క ఊరి వీధులలో తిరిగిరి. ఇక ఒక్క ఇంటివారనుటకు అడ్డేమి యని మనస్సు ఉబలాటపడును. నాగేంద్రరావుగారు మాయాబజారులో అస్మదీయులు, తస్మదీయులు అని రెండు మాటలను ఊరూర ఆడించిరి. ఇంటిపేరు వినగానే అస్మదీయులని కౌగిలించుకొనుట మన స్వభావము. కాని తండ్రి, తాత, ముత్తాత పేర్లు తేదీలతో సహా ఒక్కచోట కలియువరకు నేను ఆ గడి ఖాళీగానే విడిచెదను. ఖాళీ గడి యుండుట లెక్కలో తప్పు కాదు. లేని అంకె వేయుట తప్పు.

ఖాళీ గడులలో మిక్కిలి పెద్దది ఆడుబిడ్డలది. ఇంటిపేరు వెంట పోవువానికి కూతురు అత్తవారింటి గడప దాటగానే అదృశ్యమగును. పట్టాలో, ఓటర్ల జాబితాలో, క్రయదస్తావేజులో ఆమె ఫలానావారి భార్య. తండ్రియెవరో ఆ కాగితము చెప్పదు. ఎన్ని వంశవృక్షములు చూచినను కొడుకులకే కొమ్మలు. సూరనకు అబ్బమాంబ కన్నతల్లి యని అవతారిక చెప్పబట్టి తెలిసినది. ఎందరు కవులు కానివారి తల్లులు అట్లు నిలిచిరి? అయితే ఒక్క దస్తావేజు ఈ చీకటిలో దీపమువంటిది. అది పసుపు కుంకుమల క్రింద కూతునకు భూమినిచ్చిన దఖలు పత్రము. అందు తండ్రి పేరు, ఇంటిపేరు, గ్రామము ఉండును. కూతు పేరు, ఆమె భర్త పేరు, వారి ఇంటిపేరు, గ్రామము ఉండును. రెండు ఇంటిపేర్లను ఒక్క కాగితమున ముడివేసిన పత్రమది. రిజిస్ట్రారు కచేరీలో నకలు దొరకును. ఒక ఎకరమునకు వ్రాసిన పత్రముచే రెండు వంశములు దొరకిన సందర్భములు నా యెరుకలో మూడు కలవు. కావున అమ్మమ్మల పెట్టెలయందలి కాగితములను చెదపురుగులకు విడువకుడు తల్లులారా.

దస్తరముల స్థితి చెప్పక తప్పదు. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినది. కరణముల ఇండ్లనుండి లెక్కలు కచేరీలకు పోవలసినవి. కొన్ని పోయినవి, కొన్ని దారిలో పోయినవి. వంశపారంపర్యపు ఉద్యోగమును నేను సమర్థింపను. దానివలన మేలు పొందినవారికంటె నలిగినవారే మెండు. కాని ఉద్యోగము పోవుట వేరు, పుస్తకము పోవుట వేరు. ఒకచోట పాత అడంగళ్ళ కట్టలు వంటచెరకుకు పోయినట్లు విని, పరుగెత్తి వెళ్ళి, మిగిలినవి మూడు కట్టలు తెచ్చితిని. అవి ఇప్పుడు మన గ్రంథాలయపు ఇనుప బీరువాలోనున్నవి.

ఎచ్చటికి పోయి వెదకవలెనని పలువురు అడిగిరి. 1953కు పూర్వపు మద్రాసు రాజధాని దస్తరములకు ఎగ్మూరు, నిజాము రాజ్యపు దస్తరములకు హైదరాబాదు తార్నాక. పుస్తకములకైనచో వేటపాలెములో 1918లో స్థాపించిన సారస్వత నికేతనము, రాజమహేంద్రవరములోని గౌతమీ గ్రంథాలయము, హైదరాబాదులో 1901నుండి నడచుచున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. పాత ముద్రణములు పెక్కు ఇప్పుడు కంప్యూటరులోను, చేతి ఫోనులోను ఉచితముగా చదువుకొన వీలున్నది. వీరేశలింగము పంతులుగారి ఆంధ్ర కవుల చరిత్రమునకై నేను ఒకప్పుడు బస్సెక్కి పోయితిని. ఇప్పుడు మన ఊరి పిల్లవాడు అరుగుమీద కూర్చుండి తెరచుచున్నాడు. అయితే మన ఊరి టి.డి. నంబర్లు, మన ఇండ్లలోని పసుపు కుంకుమ పత్రములు ఏ ఫోనులోను లేవు.

కావున కార్యవర్గమువారి అనుమతితో ఒక గట్టి అట్ట పుస్తకము తెచ్చి ఈ బల్లపై నుంచుచున్నాను. మూడువందల పుటలు కలవు. ప్రతి ఇంటికి రెండు పుటలు, కులభేదము లేదు, చందాదారు కాకపోయినను ఫరవాలేదు. ఎడమ పుటలో పెద్దలు చెప్పినది వ్రాయుదము. కుడి పుటలో కాగితము చూపినది వ్రాసి, ఆ కాగితము ఎవరి యింట నున్నదో, ఏ తేదీదో గుర్తింతము. రెండు పుటలను కలుపవలదు. కూతుండ్ర పేర్లు, వారు పోయిన ఊళ్ళు తప్పక చెప్పుడు. ఆదివారము సాయంకాలము నాలుగు గంటలనుండి దీపాలవేళ వరకు నేను ఇచ్చటనే యుందును. అసలు కాగితము ఇచ్చట విడువనక్కరలేదు. చూపి, నకలు తీయించుకొని, మరల మీతోనే తీసికొనిపొండు.